గోవా నావికాదళ విమాన మ్యూజియం: ఆరుబయట విమానాలను పద్ధతిగా చూడటం ఎలా?

వాస్కో నుంచి బోగ్మలో బీచ్‌కు వెళ్లే దారిలో, ఐఎన్ఎస్ హంస నౌకాదళ స్థావరం పక్కన నావల్ ఏవియేషన్ మ్యూజియం ఉంది. గోవా ప్రయాణం పెట్టుకున్నవారు దాని గురించి అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు: ఎంతసేపు పడుతుంది, పిల్లలు విసుక్కుంటారా, అసలు అక్కడ చూడటానికి ఏముంది?

పలక మీద పేరు చదివి, ముందు నిలబడి ఫొటో దిగి, పక్క విమానానికి నడిస్తే అరగంటలో అయిపోతుంది. అలా చూసినవారికి సాయంత్రానికి ఒక్క విమానం పేరూ గుర్తుండదు. నౌక మీద నుంచి ఎగిరే విమానం ఒంటిమీద కొన్ని గుర్తులుంటాయి. వాటిని ఎక్కడ వెతకాలో తెలిస్తే మూడు గంటలు ఇట్టే గడిచిపోతాయి. ఆ వెతుకులాట ఎలా సాగాలో కింద వరుసగా రాస్తున్నాను.

1. రోజు, వేళ

సోమవారం సెలవు. మిగతా రోజుల వేళలు, టికెట్ ధర, కెమెరా రుసుము మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు సరిచూసుకోండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. మార్చి తర్వాత ఎండతో పాటు ఉక్కపోత మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోవా వానను తేలిగ్గా తీసుకోవద్దు. విమానాలన్నీ ఆకాశం కిందే ఉంటాయి, గొడుగు పట్టుకుని రెక్క కిందికి వంగి చూడటం కుదరదు.

తలుపులు తెరిచే వేళకే గేటు దగ్గర ఉండండి. పదకొండు దాటాక రేకుల మీద పడే ఎండ కళ్లలోకి కొడుతుంది. భోజనం చేసి రెండు గంటలకు వెళ్దామనుకుంటే సగం చూసి నీడ వెతుక్కుంటారు.

2. చేరడం

గోవాలో రెండు విమానాశ్రయాలున్నాయి. మ్యూజియం ఉన్నది దబోలిం వైపు. చవకగా దొరికిందని మోపాకు టికెట్ కొంటే రాష్ట్రం ఉత్తరపు కొసన దిగుతారు, అక్కడి నుంచి వాస్కో చాలా దూరం. టికెట్ కొనే ముందే ఈ సంగతి చూసుకోవాలి.

రైల్లో వచ్చేవారికి వాస్కో డ గామా స్టేషన్ దగ్గర. సికింద్రాబాద్ నుంచి రైలుంది. విశాఖ, విజయవాడ, గుంటూరు వైపు వారికి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. స్టేషన్ నుంచి టాక్సీ మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణం కూడా అప్పుడే మాట్లాడండి. హైదరాబాద్‌లో లాగా ఫోను నొక్కగానే కారు వస్తుందని నమ్ముకోవద్దు.

కలంగూట్, బాగా బీచ్‌ల దగ్గర బస చేసినవారు దీన్ని అదే రోజు ఉత్తర గోవా కోటలతో కలపకండి. మ్యూజియం తర్వాత బోగ్మలో బీచ్, అక్కడే భోజనం. ఒక రోజుకు అది చాలు.

3. ఇంటి దగ్గర చేయాల్సిన పని

ఇది మానేసి వెళ్తే తర్వాత చెప్పే వాటిలో సగం పనికిరావు. పట్టేది ఒక సాయంత్రం.

మొదట ఒక లెక్క పిల్లలకు చెప్పండి. శంషాబాద్ విమానాశ్రయం ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. 1961లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక, మొదటి ఐఎన్ఎస్ విక్రాంత్ మొత్తం పొడవు దాదాపు 213 మీటర్లు. ఓడ కదులుతుంటుంది, ఊగుతుంటుంది. దాని మీద విమానం ఎలా ఎగురుతుంది, ఎలా ఆగుతుంది, నిలిపాక ఎంత చోటు పడుతుంది? ఈ మూడు ప్రశ్నలు వెంట ఉంటే మ్యూజియంలో జవాబులు మీరే వెతుక్కోవచ్చు.

తర్వాత విమానవాహక నౌక మీద దిగే విమానాల వీడియోలు ఒకటి రెండు చూపించండి. తోక కింది కొక్కెం అడ్డంగా కట్టిన ఉక్కు తాడును పట్టుకోవడం ఒకసారి చూసిన పిల్లవాడు ప్రతి తోక కిందికీ వంగి చూస్తాడు.

చివరగా ఫోనులో చిన్న జాబితా రాసుకోండి. ఒక్కో విమానానికి మూడు ముక్కలు చాలు: ఏ దేశంలో తయారైంది, ఏ ఇంజిన్, ఏ పనికి వాడారు. పలకల మీద సమాచారం క్లుప్తంగా ఉంటుంది. లోపలికి వెళ్లాక అంతర్జాలంలో వెతుకుతూ కూర్చుంటే ఎండ ఎక్కుతుంది.

విశాఖకు దగ్గరలో ఉన్నవారికి మరో మార్గం ఉంది. బీచ్ రోడ్డులో సముద్రాన్ని గాలించే టీయూ-142 విమానం 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా ఉంది. ఆ రకం విమానాలు 1988లో నౌకాదళంలో చేరినప్పుడు మొదట ఉన్నది గోవాలోనే. తర్వాత అరక్కోణానికి వెళ్లాయి. గోవాకు ముందు ఒక సాయంత్రం అక్కడ సాధన చేయండి. ఒక్కో ఇంజిన్‌కు రెండేసి ప్రొపెల్లర్లు ఒకదాని వెనక ఒకటి ఎందుకున్నాయి, తోకలో తుపాకులు ఎటు చూస్తున్నాయి అని గమనించి వస్తే చూపు కుదురుతుంది. ఆ రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, అది తెలిసి చూడండి.

సంచిలో ఉండాల్సినవి:

- మనిషికో లీటరు నీళ్లు
- టోపీ, లేత రంగులో పూర్తి చేతుల చొక్కా
- మెత్తటి అడుగున్న బూట్లు
- చిన్న పుస్తకం, పెన్సిలు
- టికెట్, కెమెరా రుసుముకు చిల్లర
- గుర్తింపు కార్డు (ఇది నౌకాదళ ప్రాంతం)
- పవర్ బ్యాంకు

బైనాక్యులర్ వద్దు. విమానాలు చేతికందేంత దూరంలో ఉంటాయి, పైగా స్థావరం పక్కన దాన్ని కళ్లకు పెట్టుకుని నిలబడటం అనవసరపు ప్రశ్నలకు దారి.

4. బయట, లోపల, మళ్లీ బయట

మ్యూజియంలో ఆరుబయట ప్రాంగణంతో పాటు గ్యాలరీల భవనం కూడా ఉంది. చాలామంది ముందు భవనంలోకి దూరి, చల్లటి పూటంతా అక్కడే గడిపి, ఎండ ముదిరాక బయటికి వస్తారు. ఆ క్రమాన్ని తిరగేయండి.

మొదటి గంటన్నర ప్రాంగణంలో. ఎండ పెరిగాక భవనంలోకి. అక్కడ ఇంజిన్లు, ఆయుధాలు చూశాక చివరి అరగంట మళ్లీ బయట, నచ్చిన రెండు మూడు విమానాల దగ్గరికి. లోపల ఇంజిన్ చూసి వచ్చి అదే రకం విమానం గాలి ద్వారాన్ని చూస్తే, మొదటి చుట్టులో అందనిది రెండో చుట్టులో అందుతుంది. ఈ మూడో భాగాన్ని వదిలేస్తే మాత్రం ప్రయాణం సగమే అయినట్టు లెక్క.

ప్రాంగణంలోకి అడుగుపెట్టగానే దగ్గరి విమానం వైపు పరుగెత్తకండి. ముందు ఒక చుట్టు ఊరికే నడవండి. పెద్దవి, చిన్నవి, హెలికాప్టర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, నీడ ఎక్కడ పడుతోందో చూసుకున్నాక మొదలుపెట్టండి.

5. ఒక విమానాన్ని చుట్టి చూసే పద్ధతి

ఎగిరే ముందు పైలట్ విమానం చుట్టూ ఒకసారి నడిచి పరిశీలిస్తాడు. మీరూ అదే చేయండి. మొదటి విమానానికి పది నిమిషాలు పట్టవచ్చు, తర్వాతి వాటికి ఐదు చాలు.

మొదటి అడుగు: ఇరవై అడుగుల దూరంలో నిలబడి మొత్తం ఆకారం చూడండి. రెక్క పైన ఉందా, మధ్యలో ఉందా? తోకలు ఎన్ని? పలక ఇంకా చదవొద్దు.

రెండో అడుగు: ముక్కు దగ్గరికి వెళ్లండి. గాలి లోపలికి వెళ్లే ద్వారం ఎక్కడ? బయటికి వచ్చే గొట్టం ఎక్కడ? ఈ రెండూ దొరికితే ఇంజిన్ ఎక్కడుందో తెలిసినట్టే.

మూడో అడుగు: రెక్కకు అడ్డంగా అతుకు, మడతబందు ఉన్నాయేమో చూడండి. నౌకలో చోటు తక్కువ కాబట్టి రెక్కలు మడుస్తారు. విప్పి నిలబెట్టినా ఆ గీత కనిపిస్తుంది.

నాలుగో అడుగు: వంగి కింద చూడండి. చక్రాల కాళ్లు ఎంత లావుగా ఉన్నాయి? నౌక మీద దిగే విమానం మెల్లగా వాలదు, గట్టిగా కొట్టుకున్నట్టు దిగుతుంది. ఆ దెబ్బను కాచుకునే కాళ్లు అందుకు తగ్గట్టే ఉంటాయి.

ఐదో అడుగు: తోక కింద కొక్కెం. ఉంటే సరే. లేకపోతే ఎందుకు లేదో ఆలోచించాలి.

ఆరో అడుగు: ఇప్పుడు పలక చదవండి. మీరు ఊహించింది ఎంతవరకు నిజమైందో చూసుకోండి.

పలకను చివర చదవమనడం కొందరికి విడ్డూరంగా ఉంటుంది. ముందే చదివితే కన్ను వెతకడం మానేస్తుంది, అందుకే ఈ పట్టుదల.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. సముద్రపు ఉప్పుగాలిలో లోహం తొందరగా తుప్పు పడుతుంది. అందుకే ఆరుబయట పెట్టిన విమానాలకు మళ్లీ మళ్లీ రంగు వేయాల్సి వస్తుంది. ఇప్పుడు కనిపించే పూత, రాతలు అవి ఎగిరిన రోజులవేనని అనుకోవద్దు. ఆకారం అబద్ధం చెప్పదు, రంగు చెప్పవచ్చు.

6. ఎక్కడ ఏమి వెతకాలి

నిలబెట్టిన వరుసలో కాకుండా పాత నుంచి కొత్తకు వెళ్లండి.

సీలాండ్: నౌకాదళానికి వచ్చిన మొదటి విమాన రకం ఇదే. 1953లో కొచ్చికి వచ్చింది. నేల మీదా, నీటి మీదా దిగుతుంది. దాని పొట్ట పడవ అడుగులా ఎలా మలిచారో, రెక్కల కింద తేలే బుడ్డీలు ఎందుకున్నాయో చూడండి. ప్రపంచంలో మిగిలిన సీలాండ్‌లు అతి కొద్ది. ఇక్కడ తొందర పడకండి.

ఫైర్‌ఫ్లై: రెండో ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ రకం. మన నౌకాదళం దీన్ని యుద్ధానికి వాడలేదు. ఫిరంగుల గురి సాధనకు లక్ష్యాన్ని లాక్కెళ్లడానికి వాడింది. రెక్కలు వెనక్కి తిరిగి ఒంటికి ఆనుకునేలా మడుస్తారు, ఆ కీలు వెతకండి.

వాంపైర్: రెండు తోక కడ్డీలున్న శిక్షణ విమానం. మధ్యలో కూర్చునే గది దగ్గర ఆగండి. జెట్ విమానమే అయినా ఆ భాగాన్ని చెక్కతో చేశారు. పిల్లలు నమ్మరు. తట్టి చూపించాలని మాత్రం అనుకోకండి.

సీహాక్: ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. తోక చివర మంట గొట్టం వెతకండి, దొరకదు. ఇంజిన్ ఒకటే, కానీ దాని పొగను రెండుగా చీల్చి రెక్కల మొదలు వెనక నుంచి రెండు పక్కలకూ వదిలారు. ఆ రెండు రంధ్రాలూ కనిపెట్టాక ముక్కు కింద నాలుగు తుపాకుల జాడ, తోక కింద కొక్కెం, పైకి మడిచే రెక్కల అతుకు చూడండి. 1971 డిసెంబరులో విక్రాంత్ నుంచి లేచి నేటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేసినవి ఈ రకం విమానాలే.

అలీజె: సీహాక్ పక్కన చూడాల్సిన ఫ్రెంచి విమానం. జలాంతర్గాముల వేట దీని పని. రెక్కల మీద రెండు ఉబ్బెత్తు తొట్లు చూసి అవి ఇంజిన్లని చాలామంది పొరబడతారు. ఇంజిన్ ముక్కులో ఒక్కటే. ఆ తొట్లలోకి చక్రాలు ముడుచుకుంటాయి, నీటిలోకి జారవిడిచి చప్పుడు వినే సోనోబాయ్‌లనూ అందులోనే పెడతారు. పొట్ట కింద కిందికి దించే రాడార్ గోళం ఉంటుంది. ముగ్గురు మనుషులు ఎక్కడ కూర్చునేవారో లెక్కపెట్టండి.

సూపర్ కాన్‌స్టలేషన్: చాలా పెద్దది, మూడు తోకలది. అంత పెద్ద విమానానికి ఒకే ఎత్తైన తోక పెడితే అప్పటి షెడ్లలో పట్టదు. ఆ ఎత్తును మూడింటికి పంచారు. పక్కల్లో ప్రయాణికుల కిటికీలు చూసి ఆశ్చర్యపడకండి. ఎయిరిండియాలో ప్రయాణికులను మోసి, వైమానిక దళానికి వెళ్లి, 1976లో నౌకాదళానికి వచ్చింది. దీనికి కొక్కెం వెతకవద్దు. ఇది ఓడ మీద దిగేది కాదు, తీరం నుంచి వెళ్లి సముద్రాన్ని గాలించేది.

కామోవ్-25 హెలికాప్టర్: తోక చివర చిన్న పంకా లేదని పిల్లలు ముందే పట్టేస్తారు. పైన రెండు రోటర్లు (తిరిగే రెక్కలు) ఒకే ఇరుసు మీద ఎదురెదురుగా తిరుగుతాయి కాబట్టి తోక పంకా అవసరం లేదు. తోక పొట్టిగా ఉండటం వల్ల చిన్న నౌక మీద కూడా నిలపవచ్చు. సీకింగ్ హెలికాప్టర్ దగ్గరికి వెళ్లి తోక పోల్చండి, దాని పొట్ట పడవ ఆకారంలో ఉండటమూ గమనించండి. చేతక్ హెలికాప్టర్ దగ్గర ఎక్కువసేపు ఉండనక్కరలేదు, ఆ రకం ఇప్పటికీ ఎగురుతూనే ఉంది.

సీ హారియర్: దీన్ని చివరికి దాచుకోండి. కొక్కెం లేదు, రెక్కలు మడవవు. మరి ఓడ మీద ఎలా? పక్కల్లో నాలుగు తిరిగే నాజిళ్లు, అంటే ఇంజిన్ గాలిని బయటికి వదిలే గొట్టాలు ఉన్నాయి. వాటిని కిందికి తిప్పితే విమానం నిలువుగా దిగుతుంది. ముందు, వెనక ఒకదాని వెనక ఒకటి చక్రాలు, రెక్కల చివర సన్నటి ఊతకాళ్లు. రెక్క మడవకపోయినా ముక్కును పక్కకు మడిచి పొడవు తగ్గించేవారు. 1983 నుంచి 2016 వరకు మన దగ్గర ఎగిరింది. సీహాక్ దగ్గర నేర్చుకున్న జవాబులన్నీ ఇక్కడ తారుమారవుతాయి. అందుకే చివర చూడమంటున్నాను.

7. లోపలి గ్యాలరీలు

గంట చాలు. ఇంజిన్ల దగ్గర సగం సమయం పెట్టండి, నౌకల నమూనాల దగ్గర విమానాలను ఎక్కడ నిలిపేవారో చూడండి. బాంబులు, టార్పెడోలు, ప్రాణరక్షణ పరికరాలను పిల్లల ఆసక్తిని బట్టి చూసుకోవచ్చు.

8. ఫొటోలు

ఎండను వెనక పెట్టుకుని నిలబడండి. అందుకు విమానం అవతలి వైపుకు నడవాల్సి వస్తే నడవండి. మోకాలి ఎత్తు నుంచి తీస్తే వెనకున్న కంచె, చెత్తబుట్ట తప్పుతాయి. ఫోనును మరీ దగ్గర పెడితే ముక్కు గుమ్మడికాయలా ఉబ్బుతుంది, నాలుగడుగులు వెనక్కి జరిగి కొంచెం జూమ్ చేయండి.

ఒక్కో విమానానికి నాలుగు ఫొటోలు: మొత్తం ఆకారం, ముక్కు, ఒక విశేషం (కొక్కెం, నాజిల్, మడతబందు), పలక. పలక ఫొటో తీయనివారు ఇంటికొచ్చాక ఏది ఏదో తేల్చుకోలేరు.

రన్‌వే, స్థావరం గేట్లు, కాపలా సిబ్బంది వైపు కెమెరా తిప్పవద్దు. ఇది పనిచేస్తున్న సైనిక విమానాశ్రయం. ఉన్నట్టుండి మిగ్ యుద్ధవిమానం చప్పుడు వినిపిస్తే తలెత్తి చూడండి, ఫోను ఎత్తకండి. డ్రోన్ సంగతి తలపెట్టనే వద్దు.

9. పిల్లలు, పెద్దవారు

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఒక చీటీ ఇవ్వండి:

- కొక్కెం ఉన్న విమానాలు ఏవి?
- రెక్క మడిచే గీత ఎన్నింటికి కనిపించింది?
- చెక్కతో చేసిన భాగం ఏది?
- మూడు తోకలున్నవి ఎన్ని?
- పొట్ట పడవలా ఉన్నవి ఏవి?

చివరి రెండు ప్రశ్నలకు ఒకటి కంటే ఎక్కువ జవాబులు రావచ్చు. ముందే చెప్పకండి. అంతకంటే చిన్న పిల్లలతో గంట మించి ఆశపడకండి, రెక్కల మీదికి ఎక్కకుండా చూసుకోవడమే పెద్ద పని.

తాతయ్యలు, అమ్మమ్మలు వస్తుంటే వారిని చుట్టూ తిప్పకుండా నీడలో కూర్చోబెట్టి, సూపర్ కాన్‌స్టలేషన్, సీ హారియర్ దగ్గరికి మాత్రం నడిపించండి. బడి పిల్లల గుంపులు లోపలికి వస్తే వాటితో పోటీ పడవద్దు, ఎదురు దిశలో మొదలుపెట్టండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

అన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తోంది: రెండేసి విమానాలను జతగా చూడండి. సీహాక్‌తో సీ హారియర్, సీకింగ్‌తో కామోవ్, వాంపైర్‌తో ఫైర్‌ఫ్లై.

వాన పట్టుకుంది: క్రమం మార్చి ముందు గ్యాలరీలకు వెళ్లండి. తగ్గాక బయటికి వస్తే తడి రేకుల మీద అతుకుల గీతలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. రెక్క కింద నీళ్లు నిలిచిన చోట జాగ్రత్త.

పలక చెరిగిపోయింది: తోక పక్కన రాసిన సంఖ్యను ఫొటో తీసుకోండి, తర్వాత దాని ఆధారంగా వెతకవచ్చు.

ఎవరో కాక్‌పిట్ ఎక్కారు కదా, మేమూ ఎక్కుతాం: సిబ్బందిని అడగండి. వద్దంటే వద్దు. పాత మెట్ల మీద, తుప్పు పట్టిన అంచుల మీద కాలు జారితే దెబ్బ మీకే.

చూసింది రాసుకోలేదు: బోగ్మలోలో భోజనానికి కూర్చున్నప్పుడు ఒక్కో విమానానికి ఒక వాక్యం రాయండి. రాత్రికి వాయిదా వేస్తే కలగాపులగం అవుతుంది.

ఒక్క గంటే ఉంది: గ్యాలరీలు వదిలేయండి. సీలాండ్, సీహాక్, అలీజె, కామోవ్, సీ హారియర్ ఈ క్రమంలో ఒక్కోదానికి పది నిమిషాలు. మిగిలిన పది నిమిషాలు ఫొటోలకు. గేటు బయట టాక్సీని ఆపి ఉంచడం మాత్రం మరవకండి.